లెక్కకు చేతిపనిని జోడించిన బందరు కళాశాల.. దానికి ప్రాణం పోసిన కోపల్లె

మచిలీపట్నం: పాఠ్యప్రణాళిక మారినప్పుడల్లా ముందుగా పరీక్షకు నిలిచేది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడే. తాను చదువుకున్న తీరు ఒకటి, ఇకపై చెప్పవలసిన తీరు మరొకటి. లెక్కల విషయంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. 1937లో వార్ధా విద్యా పథకం రూపుదిద్దుకున్నప్పుడు దేశంలోని ఉపాధ్యాయులకు సరిగ్గా ఇదే పరిస్థితి ఎదురైంది. కొత్త పద్ధతిలో వారిని తీర్చిదిద్దేందుకు ముందుకు వచ్చిన కొద్దిపాటి జాతీయ విద్యాసంస్థల్లో బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల ఒకటి. దాని నిర్మాత కోపల్లె హనుమంతరావు అప్పటికి కన్నుమూసి పదిహేనేళ్లయింది. ఆయన వేసిన పునాది మాత్రం అలాగే నిలిచి ఉంది.

ముగ్గురు మిత్రులు

1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో నెలకొల్పిన పాఠశాల పందొమ్మిదో శతాబ్దం చివరికి పేరెన్నికగన్న కళాశాలగా ఎదిగింది. అక్కడ రఘుపతి వెంకటరత్నం నాయుడు బోధనకు ప్రభావితులైన యువకుల్లో ముగ్గురు విడదీయరాని మిత్రులయ్యారు. ఒకరు హనుమంతరావు. మరొకరు దివిసీమలోని ముట్నూరులో జన్మించిన ముట్నూరి కృష్ణారావు. మూడో వారు గుండుగొలనుకు చెందిన భోగరాజు పట్టాభి సీతారామయ్య. పట్టాభి వైద్యవృత్తి చేపట్టారు. కృష్ణారావు కృష్ణాపత్రిక సంపాదకత్వం వహించారు. హనుమంతరావు ఎం.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. న్యాయవాదిగా స్థిరపడితే ఆదాయానికీ, హోదాకూ కొదవ ఉండేది కాదు. ఆయన ఆ దారిని విడిచిపెట్టారు.

మలుపు తిప్పిన 1907

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ తెలుగు జిల్లాల్లో పర్యటించారు. స్వదేశీ వస్తువులతోపాటు స్వదేశీ విద్య కూడా కావాలన్న భావన ఆ ప్రసంగాలతో బలపడింది. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు రాజమహేంద్రవరం ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యారు. ప్రభుత్వ విద్యాలయంలో శిక్షణ పొందే ఉపాధ్యాయుడికి సొంత అభిప్రాయం ఉండరాదన్న సంగతి ఆ ఘటనతో తేటతెల్లమైంది. తెలుగువారికి తమదైన విద్యాలయం ఉండాలన్న సంకల్పం బందరులో కార్యరూపం దాల్చింది. ముగ్గురు మిత్రుల పూనికతో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. విరాళాల సేకరణ, బోధన, నిర్వహణ భారాన్ని హనుమంతరావు తన భుజాలకెత్తుకున్నారు.

పట్టా లేని చదువు

కళాశాలలో సాధారణ విద్యతోపాటు వడ్రంగం, కమ్మరం, నేత వంటి చేతిపనులకు స్థానం కల్పించారు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఇక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. అయితే ఈ ప్రయోగానికి చెల్లించవలసిన మూల్యం పెద్దదే. ప్రభుత్వ గుర్తింపు లేని చదువుతో సర్కారు కొలువు దొరకదు. పిల్లవాణ్ణి ఇక్కడ చేర్పించడమంటే ఆ అవకాశాన్ని వదులుకోవడమే. కళాశాలకు నిధులూ, విద్యార్థులూ కూడా ప్రజల నమ్మకం మీదనే రావాలి. ఆ నమ్మకాన్ని నిలబెట్టేందుకే హనుమంతరావు తన జీవితాన్ని వెచ్చించారు. 1921లో గాంధీజీ బందరు వచ్చి కళాశాలను సందర్శించారు. మరుసటి ఏడాది, 1922లో హనుమంతరావు మరణించారు. నడివయసు దాటకుండానే ఆయన జీవితం ముగిసింది.

ఎక్కాల బడి నుంచి కొలతల బడికి

ఆ రోజుల్లో పల్లెల్లో లెక్కలంటే ఎక్కాలు వల్లించడమే. అర, పాతిక, వీసం నోటికి రావాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు, మణుగుకు 8 వీశెలు. ఇవన్నీ కంఠస్థం చేసిన పిల్లవాడు తండ్రి పొలం గట్టున నిలబడి ఎకరంలో కొంత భాగానికి శిస్తు కట్టమంటే తెల్లమొహం వేసేవాడు. కృష్ణా ఆనకట్ట నీటితో వరి పండించే గుడివాడ, దివి ప్రాంతాల రైతు కుటుంబాలకు రోజూ అవసరమైన లెక్క అదే. పనిశాలలో పరిస్థితి వేరు. బల్ల చేయాలంటే కొలత తప్పరాదు. మగ్గం మీద పోగుల లెక్క తప్పితే బట్ట చెడుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లవాడికి వెంటనే కంటికి కనిపిస్తుంది. బందరు కళాశాల పనిశాలలకు ఉన్న విలువ ఇదే.

వార్ధా పథకంలో లెక్కలు

1937 అక్టోబరులో వార్ధాలో జాతీయ విద్యా సమావేశం జరిగింది. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అయిదున్నర గంటల బడి సమయంలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి, 40 నిమిషాలు మాతృభాషకు కేటాయించారు. సంగీతం, చిత్రలేఖనం, లెక్కలు మూడింటికీ కలిపి మరో 40 నిమిషాలే దక్కాయి. అంటే లెక్కల్లో ఎక్కువ భాగం చేతిపనిలోనే సాగాలి. చతుర్విధ ప్రక్రియలు, భిన్నాలు, దశాంశాలు, వడ్డీ, వైశాల్యాలు, జమాఖర్చుల పద్దు అన్నీ పిల్లల పని నుంచే పుట్టాలి.

ఉపాధ్యాయుడికి ఇది కొత్త పరీక్ష. ఉదాహరణకు 840 గజాల నూలు ఒక చిలప. పౌనుకు ఎన్ని చిలపలు తూగితే నూలు నంబరు అంత. 20వ నంబరు నూలు పౌనుకు 16,800 గజాలు వస్తుందని చెప్పాలంటే గుణకారం కావాలి. అర పౌనుకు ఎంత వస్తుందంటే భిన్నం కావాలి. పిల్లవాడు వారంలో వడికిన నూలుకు మజూరీ కట్టాలంటే అణాలూ పైసలూ రావాలి. తకిలీ తిప్పడం చేతకాని ఉపాధ్యాయుడు ఈ లెక్క చెప్పలేడు. తకిలీ మాత్రమే వచ్చినవాడూ చెప్పలేడు. ఉత్పత్తి మీద ధ్యాసతో చదువు వెనకబడే ప్రమాదం ఉందని సంఘమే హెచ్చరించింది. అందుకే పూర్తి శిక్షణకు మూడేళ్లు, అత్యవసరంగా ఏడాది శిక్షణ సూచించింది. పనిశాలల అనుభవం, జాతీయ విద్యా దృష్టి రెండూ ముందునుంచే ఉన్న బందరు కళాశాల ఈ బాధ్యతకు సహజంగానే తగినదైంది.

1939 చివర కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేయడంతో పథకం వేగం తగ్గింది. శిక్షణ అందక, పనిముట్లు లేక అనేక చోట్ల చేతిపని మొక్కుబడి తంతుగా మిగిలింది.

మారని ప్రశ్న

1957 ఏప్రిల్ 1న నయాపైసలు, ఆ వెంట మెట్రిక్ కొలతలు వచ్చాయి. అణాలు, వీశెలు నేర్పిన ఉపాధ్యాయులే మళ్లీ దశాంశ పద్ధతి నేర్పవలసి వచ్చింది. 2021లో మూడో తరగతిలోపు ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలన్న లక్ష్యంతో నిపుణ్ భారత్ మొదలైంది. పుల్లలు, పూసలతో లెక్క చెప్పమని ఉపాధ్యాయులకు సూచించే నేటి పద్ధతుల వెనక కూడా ఉన్నది చేయి కదిలితే బుద్ధి కదులుతుందన్న ఆ పాత భావనే.

కాగితం మీద ప్రణాళిక మార్చడం ఒక రోజు పని. దాన్ని బోధించగల మనిషిని తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. కోపల్లె హనుమంతరావు తన న్యాయవాద భవిష్యత్తును వదులుకుని పన్నెండేళ్లు వెచ్చించింది ఆ రెండో పనికే. ఎ.జె. కళాశాలగా బందరువాసులకు సుపరిచితమైన ఆ విద్యాలయం పేరులో ఆయన పేరు లేదు. అక్కడి పనిశాలల్లో కొలత నేర్చిన తరాలే ఆయనకు మిగిలిన స్మారకం.