వేమన్నను వెదకిన దొర

మానవస్వభావాన్ని గూర్చి గంభీరంగా బోధించినవారు అనేకులు; నవ్విస్తూ బోధించినవారు కొందరే. తెలుగువారిలో ఆ కొందరికి పెద్ద వేమన్న. లోభి, దాంభికుడు, విద్యామదం తలకెక్కినవాడు, కలిమి రాగానే పాత చెలిమిని మరచినవాడు, అందరూ ఆయన ఆటవెలదిలో మన కళ్ళకు కట్టినట్లు కనిపిస్తారు. పద్యం విన్నవాడు మొదట పొరుగువానిని తలచుకొని నవ్వుతాడు. ఇంటికి పోయిన పిదప ఆ మాట తనకూ తగిలిందని గ్రహిస్తాడు. అట్టి పద్యాలు జనుల నాలుకలపై ఆడుతున్నా, పండితసభల్లో వాటికి పీట వేసేవారు లేరు. వాటిని వెదకి, పోల్చి చూచి, అచ్చుకెక్కించిన వ్యక్తి మన కృష్ణామండలంలో ఉద్యోగం చేసిన ఒక ఆంగ్లేయుడు. ఆయనే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. ఆయన 1812లో మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ చదువు ముగించి, 1817లో బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ కొలువుకై మద్రాసు చేరారు. వచ్చేనాటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్కయినా రాదు. ప్రజల భాష తెలియనివాడు ప్రజలను పాలించజాలడని భావించిన సర్ థామస్ మన్రో 1820లో మద్రాసు గవర్నరయ్యారు. కళాశాలలో తెలుగు నేర్చుకొని, 1820లో బ్రౌన్ కడపలో ఉద్యోగానికి చేరారు. పిమ్మట మచిలీపట్నానికి బదిలీ అయ్యారు.

వేమన పద్యాలపై ఆయనకు శ్రద్ధ కుదిరింది మచిలీపట్నంలోనే. ఊరూరికీ మనుషులను పంపి తాళపత్ర ప్రతులు తెప్పించారు. ఒక ప్రతిలోని పద్యం మరొక ప్రతిలో వేరు విధంగా ఉండేది. పండితులకు తన జీతం నుండి వేతనాలిచ్చి, ప్రతులను పోల్చి, పాఠాలను పరిష్కరింపజేశారు. తాము చిన్నచూపు చూచే పద్యాలకు ఒక దొర ఇంత ధనం వెచ్చించడం ఆ పండితులకు వింతగా తోచి ఉంటుంది. వేలకొలది పద్యాలు సేకరించి, వాటినుండి 693 పద్యాలను ఏరి, ఆంగ్లానువాదంతో 1829లో మద్రాసులో ప్రకటించారు. 1839 నాటి కూర్పులో ఆ సంఖ్య 1164కు పెరిగింది. దీనివలన ఆయన ప్రౌఢకావ్యాలను కాదన్నారని తలచరాదు. మనుచరిత్ర, వసుచరిత్రలను సైతం వ్యాఖ్యానాలతో అచ్చు వేయించారు. ఆయన పంక్తిలో పెద్దనకూ వేమన్నకూ సమానంగానే విస్తరి పడింది.

ఉన్నమాటను ఉన్నట్లు చెప్పడం వేమన్న గుణం. ఆ గుణం ఆయన్ను చదివిన బ్రౌన్‌లోనూ కనిపిస్తుంది. 1832-33లో గుంటూరు సీమను ఘోరమైన కరువు పట్టి పీడించింది. ప్రభుత్వ లేఖల్లో దానిని కొరత అనో, ఎద్దడి అనో మెత్తగా వ్రాయడం అధికారులకు సుఖం. బ్రౌన్ అందుకు సమ్మతించక, కరువు అనే మాటనే పట్టుబట్టి వాడారు. జనులు ఆకలితో చస్తున్నప్పుడు మాటను మెత్తబరచడం కూడా ఒక అబద్ధమే. కంపెనీ ఉప్పు తింటూ ఆ అబద్ధమాడనందుకే ఆయన్ను మనం నిండు మనసుతో గౌరవించవచ్చు.

1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆ సంవత్సరమే బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. సముద్రం పాలయ్యే నీటిని ఒకరు నిలిపితే, కాలం పాలయ్యే మాటలను మరొకరు నిలిపారు. 1854లో బ్రౌన్ ఇంకొక నిఘంటువును ప్రకటించారు. తెలుగువారి నోట కలిసిపోయిన అన్యభాషాపదాలకు అది ప్రత్యేకమైనది. పారశీ ఎరిగిన ఆయన, ప్రభుత్వానికి ఆ భాషలో అనువాదకులుగా కూడా పనిచేశారు. దరఖాస్తు, వకాలతు, జమాబందీ వంటి పదాలు ఎక్కడివని మన రైతు ఏనాడూ అడగలేదు. అవసరానికి వచ్చాయి, ఇంటివైపోయాయి. రైతు ఎరిగిన ఈ సంగతిని గుర్తించి, గ్రంథస్థం చేసిన పండితుడు బ్రౌన్. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే చదువుకొనే విద్యార్థులకు ఈ గ్రంథం బంధువు వంటిది.

ఉద్యోగవిరమణానంతరం బ్రౌన్ లండను చేరి, అక్కడి విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. 1884 డిసెంబరు 12వ తేదీన కన్నుమూశారు. తెలుగు గ్రంథాలకై జీతాన్ని మించి ఖర్చు చేసి అప్పులపాలైన ఆయనకు మిగిలిన ఆస్తి అక్షరాలే. కడపలో ఆయన నివసించిన చోట నేడు ఆయన పేరనే గ్రంథాలయం వెలసింది. ఆ జిల్లాలోని విశ్వవిద్యాలయం యోగి వేమన పేరు ధరించింది. వెదకినవాడూ దొరికినవాడూ ఈ విధంగా ఒకే ఊరివారైనారు.

విద్యార్థులారా! పద్యం ఎవరిదో, పదం ఏ భాషదో అడిగి విలువ కట్టేవారు ప్రతి తరంలోనూ ఉంటారు. మాట నిజమా, మనిషికి ఉపకరించేదా అని అడిగేవారు అరుదు. బ్రౌన్ ఆ రెండవ ప్రశ్ననే అడిగారు. వేమన్న నవ్వు ఈనాటికీ మన చెవుల్లో మ్రోగుతోందంటే అందులో ఆ ప్రశ్నకు కూడా భాగముంది.