కోడి రామమూర్తి నాయుడుగారు

మన దేశమున సర్కసు పెద్ద నగరముల సొత్తని పలువురి తలంపు. నగరములు దానికి ప్రేక్షకులను, పైకమును ఇచ్చినమాట నిజమే. కాని ఆటగాండ్రను ఇచ్చినవి చిన్న ఊళ్లు. 1879లో ఇటలీ దేశీయుడగు కియరీని తన సర్కసుతో బొంబాయికి వచ్చెను. అశ్వశిక్షకుడగు విష్ణుపంత్ ఛత్రే ఆ ప్రదర్శనమును చూచి పట్టుదల పూని, 1880లోనే స్వదేశీయుల సర్కసును నెలకొల్పెను. మలబారు తీరమున తలచేరిలో కీలేరి కున్హికణ్ణన్ 1901లో సర్కసు విద్యకు పాఠశాల తెరచెను. (అదే సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినదని గ్రంథాలయాభిమానులకు జ్ఞప్తి చేయుట అప్రస్తుతము కాదనుకొందును.) ఆ వరుసలో తెలుగువారి పక్షమున నిలిచిన పట్టణము విజయనగరము. దానికా పేరు తెచ్చినవారు కోడి రామమూర్తి నాయుడుగారు.

నాయుడుగారి జన్మస్థలము వీరఘట్టము. నాడది గంజాము, విశాఖపట్టణ మండలముల పొలిమేర సీమ. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. పసితనముననే తల్లిని కోల్పోవుటచే వారు విజయనగరమున పినతండ్రి యింట పెరిగిరి. ఆ ఊరు కళలకు పుట్టినిల్లు. 1892లో కన్యాశుల్క నాటకము మొదట ప్రదర్శింపబడినది అచ్చటనే. అయితే విజయనగరమున పండితులతోపాటు వస్తాదులును ఉండిరన్న సంగతిని మనము తరచుగా మరతుము. బాలునికి చదువుకంటె తాలింఖానా మట్టియే ప్రియమయ్యెను. దండెములు, బస్కీలు, కుస్తీ — ఇవియే వాని నిత్యపాఠములు. పిమ్మట మద్రాసులో వ్యాయామ శిక్షణమును పొంది, తిరిగివచ్చి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులైరి.

కొలువు వదలి సర్కసు పెట్టుట ఆ కాలమున సాహసమే. నెలజీతము గల పంతులు గుడారము వెంట ఊరూర తిరుగుటను పెద్దలు మెచ్చుకొనరు గదా! అయినను నాయుడుగారు విజయనగరముననే సర్కసును స్థాపించి, దేశమంతట సంచరించిరి. ఉత్తర హిందూస్థానమున వారిని ప్రొఫెసరు రామమూర్తి యనిరి. తెలుగునాట కలియుగ భీముడనిరి.

వారి బలము కేవలము కండలోనిది కాదు, శ్వాసలోనిది. రొమ్మునకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి త్రెంచెడివారు. కదలుటకు పెనగులాడు మోటారుబండ్లను త్రాళ్లతో నిలిపి పట్టెడివారు. అన్నిటికంటె ఘోరమైనది ఏనుగు ఆట. వెల్లకిల పరుండి రొమ్ముపై పలక వేయించుకొని, దానిపై ఏనుగును నడిపించెడివారు. పలక బరువును పరచునే గాని తగ్గింపదు. ఏనుగు దాటువరకు ఊపిరి బిగబట్టవలెను. లిప్తపాటు అది సడలినచో ప్రక్కటెముకలు నుగ్గగును. ప్రేక్షకులు ఏనుగును చూచిరి. ప్రాణాయామము నెరిగినవారు మాత్రము ఆ ఊపిరిని చూచియుందురు. మాంసము ముట్టక శాకాహారముతోనే ఇంత సాధించిరనుట ఆనాటి యువకులకు గొప్ప వింత.

లండనులో రాజదంపతుల యెదుట ప్రదర్శించి బిరుదు పొందిరనియు, స్పెయినులో ఎద్దును కొమ్ములు పట్టి పడవేసిరనియు చెప్పుదురు. ఇట్టి కథలు నోట నోట పెరుగుట సహజము. వానిలో కొంత తరిగినను నాయుడుగారికి లోపము రాదు.

తుదకు వారిని ఓడించినది ఏనుగు కాదు, కాలిపై లేచిన ఒక పుండు. అది ముదిరి కాలిని తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు లేకయే, ఊపిరి బిగబట్టి, శస్త్రమునకు ఓర్చుకొనిరని జనశ్రుతి. ఆర్జించిన ధనమును చేతికి ఎముక లేనట్లు పంచిపెట్టినవారగుటచే వారికి నిలువ తక్కువ. చివరి దినములను ఒరిస్సాలోని బలంగీరు ప్రాంతమున గడపి, 1942 జనవరి 16వ తేదీన, సంక్రాంతి దినములలో, కన్నుమూసిరి. శ్రీకాకుళమున క్రీడాప్రాంగణము నేడు వారి పేరనే యున్నది.