పదమూడు గెలుపుల దూరంలో

మూడో ఏడాది డేటా ల్యాబ్‌లో మినీ ప్రాజెక్టుకి నాకు పాత అమెరికన్ బేస్‌బాల్ లెక్కలు వచ్చాయి. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియనివాణ్ణి. అక్కడ ఒక్కో మ్యాచ్ గెలుపునీ ఒక పిచర్ ఖాతాలో, అంటే మన బౌలర్ లాంటివాడి ఖాతాలో, రాస్తారని మాత్రం తెలుసుకున్నాను. కెరీర్ మొత్తంలో 200 గెలుపులు లేని పిచర్లందర్నీ ఒక్క లైను కోడ్‌తో తీసిపారేశాను. టేబుల్ చిన్నదైపోయింది, ప్రాణం హాయిగా ఉంది.

తర్వాత 1927 నాటి న్యూయార్క్ యాంకీస్ జట్టు లెక్క సరిచూశాను. ఆ ఏడాది వాళ్లు గెలిచినవి 110, నా టేబుల్లో తేలినవి 41. మిగతావి ఎక్కడికి పోయాయా అని తీసేసినవాళ్లలో వెతుకుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. అర్బన్ షాకర్. ఆ ఏడాది 18 గెలుపులు, 6 ఓటములు. మరుసటి ఏడాదే మరణం.

షాకర్ 1890లో క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. మొదట్లో క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటి పని. ఆ పనిలోనే వేలు విరిగి వంకరగా అతుక్కుంది. ఇంకొకడైతే ఆట మానేసేవాడేమో, ఇతనికి ఆ వంకర వేలే బంతిని ఒడుపుగా వంచడానికి పనికొచ్చింది. 1916లో యాంకీస్‌లోకి వచ్చాడు. 1918 సీజన్‌కి ముందు కొత్త మేనేజర్ మిల్లర్ హగిన్స్ అతన్ని సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కి ఇచ్చేశాడు. ఆ పొరపాటు హగిన్స్‌ని చాలాకాలం బాధపెట్టింది.

బ్రౌన్స్ గొప్ప జట్టేమీ కాదు. అలాంటిచోట 1920 నుంచి 1923 వరకు వరసగా నాలుగేళ్లు, ఏటా 20కి తగ్గకుండా గెలిచాడు. 1921లో అయితే 27. బంతికి ఉమ్మి రాసి వేసే స్పిట్‌బాల్‌ని 1920లో నిషేధించారు. అప్పటికే దానిమీద బతుకుతున్న 17 మందికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. వాళ్లలో షాకర్ ఒకడు. కానీ అతను దాన్ని నమ్ముకుని కూర్చోలేదు, ఎదుటివాడి బలహీనత చూసి వేసే తెలివైన పిచర్.

1923లో ఊరు దాటి ఆడటానికి వెళ్లేటప్పుడు భార్యని వెంట తీసుకెళ్తానన్నాడు. కుదరదంది యాజమాన్యం. అయితే నేనూ రానన్నాడు. జరిమానా వేసి సస్పెండ్ చేస్తే, ఊరుకోకుండా బేస్‌బాల్ కమిషనర్ దాకా వెళ్లాడు. చివరికి రాజీ కుదిరింది. ఆ రోజుల్లో ఆటగాడంటే యజమాని సొత్తే. ఎదురు నిలబడటం చిన్న విషయం కాదు.

1924 చివర్లో హగిన్స్ అతన్ని తిరిగి యాంకీస్‌కి తెచ్చుకున్నాడు. అప్పటికే గుండె జబ్బు ముదురుతోంది. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడని చెబుతారు. జబ్బు సంగతి బయటికి పొక్కనివ్వలేదు. ఆ గుండెతోనే 1926లో 19, 1927లో 18 మ్యాచ్‌లు గెలిచాడు. 1928లో ఆడింది రెండే ఇన్నింగ్స్. సెప్టెంబర్ 9న డెన్వర్‌లో, 38వ పుట్టినరోజుకి పదమూడు రోజుల ముందు, పోయాడు.

మొత్తం 187 గెలుపులు, 117 ఓటములు. కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌కి మొదటి ఎన్నిక 1936లో జరిగింది. అప్పటికి అతను పోయి ఎనిమిదేళ్లు. ఇప్పటికీ లోపలికి రాలేదు. అదే 1927 జట్టులోని హెర్బ్ పెన్నాక్, వెయిట్ హోయ్ట్ మాత్రం ఉన్నారు. ఒకరివి 241 గెలుపులు, ఇంకొకరివి 237. కానీ తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు చూడండి: షాకర్‌ది 3.17, హోయ్ట్‌ది 3.59, పెన్నాక్‌ది 3.60. వాళ్లు ఇరవై ఏళ్లు దాటి ఆడారు, ఇతనికి అంత ఆయుష్షు లేదు.

చచ్చిపోయాడు కాబట్టి జాలిపడి ఇవ్వాలా అని మా ప్రాజెక్టు పార్టనర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జాలికి మార్కులు వద్దు, నిజమే. కానీ ఆడని ఏళ్లకి మార్కులు కోయడం మాత్రం ఏం న్యాయం? 31 ఏళ్లకే జబ్బుతో పోయిన ఆడీ జాస్‌కి 160 గెలుపులే. కనీసం పది సీజన్లు ఆడాలన్న నిబంధన కూడా సడలించి 1978లో అతన్ని చేర్చుకున్నారు. శాండీ కోఫాక్స్‌కి 165. అంటే 200 అన్నది ఎక్కడా రాసిపెట్టిన గీత కాదు. నాలాంటివాళ్ల బుర్రలో ఉన్న గీత. ఈ లెక్కన షాకర్ అర్హుడనే నా అభిప్రాయం.

కటాఫ్ అంటే ఏంటో ప్లేస్‌మెంట్ల సీజన్లో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని పెట్టేవాడికి అదొక్క లైను, అంతే. నేనూ అలాగే పెట్టాను, పదమూడు గెలుపుల తేడాతో ఒక మనిషిని టేబుల్లోంచి తీసేశాను. రిపోర్టు ఇచ్చేముందు ఆ లైను తీసేశాను. టేబుల్ మళ్లీ పెద్దదైంది. ప్రింట్ తీస్తే చాలా పేజీలొచ్చాయి.