ఉన్నవ లక్ష్మీనారాయణ: వందేళ్ల కిందటే చదువుకి చేతిపని జోడించిన ‘మాలపల్లి’ రచయిత కథ ఇదీ

చదువు ఒక్కటే చాలదు, చేతిలో పని ఉండాలి. మంత్రుల నుంచి మాస్టార్ల దాకా ఇప్పుడు అందరూ అంటున్న మాట ఇది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరో తరగతి నుంచే వృత్తివిద్య పరిచయం చేయాలంటోంది. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజుల పాటు పిల్లలు బ్యాగ్ లేకుండా వెళ్లి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలట.

వినడానికి బాగుంది. కానీ పల్నాడు జిల్లా నకరికల్లు లాంటి చోట, పత్తి చేలో, మిర్చి కల్లంలో కూలికెళ్లే తల్లికి ఒక అనుమానం రావడం సహజం. నా బిడ్డకి పని నేర్పించడానికి బడి ఎందుకు? పని మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్నదేగా? చదువు తగ్గించి మళ్లీ పనిలోకే పంపిస్తారా ఏంటి?

ఈ ప్రశ్నకి వందేళ్ల కిందటే తన పనితో జవాబిచ్చిన మనిషి ఈ ప్రాంతం వాడే. ఆయనే ఉన్నవ లక్ష్మీనారాయణ. 1877 డిసెంబర్ 4న అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. నకరికల్లు ఇవాళ ఉన్నది కూడా సత్తెనపల్లి అసెంబ్లీ నియోజకవర్గంలోనే.

ఊళ్లో చదువు మొదలుపెట్టి గుంటూరులో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. ప్లీడరయ్యారు. బాగా సంపాదించుకుని మేడ కట్టుకునే దారి అది. ఆయన మాత్రం కందుకూరి వీరేశలింగం బాట పట్టి, 1900ల మొదట్లోనే గుంటూరులో వితంతువుల కోసం శరణాలయం పెట్టారు. పదేళ్లకే పెళ్లి, పన్నెండేళ్లకే గుండు చేయించి మూల కూర్చోబెట్టే రోజులవి. ఆ పిల్లలకి మళ్లీ పెళ్లి చేయడం ఒక పోరాటం. పెళ్లి కుదరని వాళ్ల సంగతేంటి? అన్నం పెట్టే అన్నదమ్ముడి దయ మీద ఎన్నాళ్లు బతకాలి? ఆడవాళ్ల చదువు విషయంలో ఉన్నవ తర్వాత చేసిన పని మొత్తానికీ మూలం ఈ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది.

తర్వాత ఐర్లాండ్ వెళ్లి డబ్లిన్‌లో చదివి 1916లో బారిస్టర్ అయ్యారు. బ్రిటిష్ పాలన మీద ఐర్లాండ్ వాళ్లు ఈస్టర్ తిరుగుబాటు చేసింది కూడా ఆ ఏడాదే. తిరిగొచ్చాక ఆయన ప్రాక్టీస్ ఎంతో కాలం సాగలేదు. సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చింది, కోర్టు వదిలేశారు.

1921లో పల్నాడు అట్టుడికింది. అడవిలో పశువులు మేపితే పుల్లరి కట్టాలన్నారు తెల్లదొరలు. రైతులు కట్టం అన్నారు. ఆ ఉద్యమంలోకి దిగిన ఉన్నవని అరెస్ట్ చేసి జైల్లో పెట్టారు. అదే పోరాటంలో 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకి బలయ్యాడు. ఆ కథ పల్నాట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రాయవెల్లూరు జైల్లో ఉన్నవ రాసిన నవలే మాలపల్లి. దళిత కుటుంబాన్ని మధ్యలో పెట్టి, పాలేరు కూలి గురించి, పల్లె జనం మాట్లాడుకునే భాషలో రాశారు. అందులో కూలీల పక్షాన నిలబడిన సంగదాసు భూస్వామి చేతిలో చనిపోతాడు. అతని పేరు మీదే సంగపీఠం వెలుస్తుంది. నవలని ప్రభుత్వం నిషేధించింది. ఒకసారి కాదు, రెండుసార్లు! మద్రాసులో రాజాజీ నాయకత్వంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక 1937లో గానీ నిషేధం పూర్తిగా తొలగలేదు.

ఉన్నవ అనగానే అందరూ ఈ నవల దగ్గరే ఆగిపోతారు. అసలు విషయం గుంటూరులో ఉంది.

1922లోనే భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి ఆయన గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. ఆడపిల్లల కోసం పెట్టిన బడి అది. అక్కడ చదువూ ఉంది, వృత్తివిద్యా ఉంది. ఇందులో కొత్తేముంది అనొచ్చు. కుట్టుపని నేర్పే చోట్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఉంటాయి. తేడా ఏంటంటే, చేతిపని నేర్చుకునే పిల్ల ఎలాగూ గట్టెక్కుతుందిలే అని పుస్తకం పక్కన పెట్టలేదు అక్కడ. శారదా నికేతనం తర్వాత ప్రాచ్య భాషల కళాశాలగా ఎదిగింది. సంస్కృతం అంటే ఫలానా కులం మగవాళ్లకే అనుకున్న కాలంలో ఆడపిల్లలు కూర్చుని కావ్యాలు, వ్యాకరణం చదివారు. పైగా ఆ చదువూ ఉత్త అలంకారం కాదు. ప్రాచ్య భాషల పరీక్ష పాసైతే హైస్కూల్లో పండితురాలిగా చేరొచ్చు, నెలనెలా జీతం వస్తుంది. అంటే కావ్యం కూడా కూడు పెట్టే విద్యే అయింది.

లక్ష్మీబాయమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన మనిషి ఆమె. శారదా నికేతనం అంటే ఆయన పేరే ముందు చెప్తారు, ఆమెని పక్కన నిలబెడతారు. అది న్యాయం కాదు.

ఇక గాంధీజీ వార్ధాలో చేతిపని ద్వారా చదువు అనే పథకాన్ని దేశం ముందు పెట్టింది 1937లో. అప్పటికి గుంటూరు బడికి పదిహేనేళ్లు!

సీన్ కట్ చేస్తే 1953. మళ్లీ రాజాజీయే మద్రాసు ముఖ్యమంత్రి. పల్లెటూరి పిల్లలకి బడి రోజుకి మూడు గంటలే, మిగతా పూట తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి అన్నారు. జనం భగ్గుమన్నారు. చాకలి కొడుకు చాకిరేవుకి, చెప్పులు కుట్టేవాడి కొడుకు ఆరె పట్టుకోవడానికి వెళ్లాలా అని నిలదీశారు. ఇది కులవిద్య అని తేల్చేశారు. 1954లో కామరాజ్ సీఎం కాగానే ఆ పథకాన్ని ఎత్తేశారు.

రెండింటిలోనూ చదువూ ఉంది, పనీ ఉంది. కానీ రాజాజీ పథకంలో పని కోసం చదువు సగానికి తగ్గింది. పైగా పిల్లాడు ఏ పని నేర్చుకోవాలో వాడి పుట్టుకే చెప్పేసింది. శారదా నికేతనంలో చదువు తగ్గలేదు. ఇంట్లో వాళ్లు ఊహించని జీవనోపాధి ఆడపిల్ల చేతికొచ్చింది. నకరికల్లు తల్లి ఇవాళ స్కిల్ కోర్సుల గురించి అడగాల్సింది కూడా ఇదే: మా పిల్లకి లెక్కలు, సైన్సు ఎన్ని గంటలు ఉంచారు? ఏ పని నేర్చుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు? పెద్ద కార్పొరేట్ స్కూల్లో చదివే పిల్లలకీ ఈ పది రోజులు ఉంటాయా?

క్విట్ ఇండియా ఉద్యమంలోనూ పాల్గొన్న ఉన్నవ 1958 సెప్టెంబర్ 25న కన్నుమూశారు. మాలపల్లి ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. ఒకప్పుడు సర్కారు నిషేధించిన ఆ పుస్తకాన్ని ఇప్పుడు యూనివర్సిటీల్లో తెలుగు ఎం.ఏ. విద్యార్థులు పరీక్షల కోసం చదువుతున్నారు.