మందు తెలుసు, మనిషి తెలియదు

మా హఫీజ్‌పేట్ సంఘంలో ఆదివారం ఆరాధన ముగిసేసరికి ప్రార్థన విన్నపాల పెట్టె నిండిపోతుంది. అందులో చీటీలు ఎక్కువగా రెండే రకాలు. ఒకటి వీసా, రెండోది రోగం. భర్తకు అమెరికా వీసా స్టాంపింగ్ కావాలని ఒక సహోదరి రాస్తుంది. కీళ్లవాతానికి వారం వారం మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటున్నాను, నొప్పి తగ్గేలా ప్రార్థించండని ఒక తల్లి రాస్తుంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దాయన తన బోదకాలు గురించి రాస్తారు. బ్లడ్ క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్న పసివాడి పేరు, మొదటిసారి తల్లి కాబోతున్న అమ్మాయి పేరు కూడా ఆ పెట్టెలోనే ఉంటాయి.

ఈ చీటీలన్నింటితోనూ సంబంధం ఉన్న తెలుగువారు ఒకరున్నారు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పోటీ పరీక్షలకు చదివినవారికి పేరు గుర్తుండవచ్చు. మందు మింగేవారికి మాత్రం తెలియదు.

ఆయన క్రైస్తవులు కారు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నవారు. అలాంటివారి జీవితం ఈ శీర్షికలో ఎందుకని కొందరు విశ్వాసులు అడగవచ్చు. పదిమంది కుష్ఠురోగులు శుద్ధులైనప్పుడు కృతజ్ఞత చెప్పడానికి ప్రభువు దగ్గరకు తిరిగి వచ్చినవాడు ఒక్కడే, వాడూ సమరయుడే. మిగిలిన తొమ్మండుగురు ఏమయ్యారని ప్రభువు అడిగాడు. మేలు చేసిన మనిషి మనవాడు కాడని ఊరుకుంటే మనం ఆ తొమ్మండుగురిలో చేరిపోతామేమోనన్నది మా భయం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువులో మెరిసిన పిల్లవాడేమీ కాదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. తండ్రి జగన్నాథం చనిపోతే తల్లి వెంకమ్మే నిలబడి చదివించింది. సన్యాసానికి ఆ తల్లి ఒప్పుకోలేదు. అప్పుడాయన మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ థియేటర్‌లోనూ అదే వేషం. శస్త్రచికిత్స చెప్పే తెల్ల ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. తోటివారికి ఎం.బి.బి.ఎస్. వస్తే ఈయనకు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది.

ఆ రోజుల్లోనే ఆ ఇంటి మీద మరణం వచ్చిపడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో పోయారు. మన పెద్దలు సంగ్రహణి అనేది దాదాపు ఇదే. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడి మనిషి కళ్లముందే కరిగిపోతాడు. తర్వాత అదే జబ్బు సుబ్బారావుకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికారు. డాక్టర్ చదువు చదివి కూడా తోడబుట్టినవారి జబ్బుకు కారణమేమిటో చెప్పలేకపోవడం ఎంత బాధో, సమాధుల దగ్గర నిలబడి ఎందుకిలా జరిగిందని అడిగేవారికి జవాబు చెప్పలేని మాలాంటి కాపరులకు కొంత అర్థమవుతుంది.

మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో ఆయన 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. పగలు హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని. పట్టా ఉన్న డాక్టర్ ఆ పని చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే దగ్గర జీవరసాయన శాస్త్రంలోకి వెళ్లారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అని నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ కొలత పట్టుకుని వెళ్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాల్లో గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. చెయ్యి ఎత్తాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా జీవకణం ఖర్చు పెట్టే చిల్లర నాణెం ఏటీపీ. బ్యాక్టీరియా కూడా దాన్ని సొంతంగా తయారు చేసుకుంటుంది. వైరస్‌కు ఆ శక్తి లేదు. మన కణంలో దూరి మన ఏటీపీతోనే బతకాలి.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు. మిగిలిన ఎనిమిదేళ్లలో జరిగినది తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

మొదట ఫోలిక్ యాసిడ్. 1945లో ఆయన బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. గర్భిణులకు నేడు ప్రతి ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర అదే. ఆ మందును క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే వారు కోలుకున్నారు. తన ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బుకు జవాబు దొరికింది. కాకపోతే పాతికేళ్లు ఆలస్యమైంది.

ఫోలిక్ యాసిడ్ పోలికతోనే ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడా అదే బృందం తయారు చేసింది. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకు ఫోలిక్ యాసిడ్ అందకుండా చేస్తే అవి పెరగలేవన్నది ఆలోచన. అందులో అమైనోప్టెరిన్ అనే దాన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. అంతకుముందు ఆ పిల్లలకు ఏ ఆశా లేదు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోని మందే.

బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగులను అణచే హెట్రజాన్ 1947లో అక్కడినుంచే వచ్చింది. మన దేశంలో 2004 నుంచి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర అదే. గోదావరి జిల్లాల వారికి ఆ జబ్బు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆరియోమైసిన్. డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ అక్కడే మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవులను వెదికి దీన్ని పట్టుకున్నారు. 1948 జూలైలో లోకానికి తెలియజేశారు. టెట్రాసైక్లిన్ మందులన్నింటికీ ఇదే పెద్దన్న. ప్రొటీన్లు తయారు చేసే రైబోజోమ్ అనే సూక్ష్మ యంత్రం ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉంటుంది. ఈ మందు వెళ్లి ఆ యంత్రంలో అడ్డంగా కూర్చుంటుంది. సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో 2000లో, చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం అణువుల స్థాయిలో చూపించింది. వైరస్‌కు సొంత రైబోజోమ్ లేదు కాబట్టి దానిమీద ఈ మందు పనిచేయదు. కరోనా కాలంలో మా సంఘంవారే ఎంతమంది డాక్సీసైక్లిన్ కొని మింగారో! అది ఈ కుటుంబంలోని మందే. కరోనాకు దానివల్ల ప్రయోజనం లేదని ఆ తర్వాత పరీక్షల్లో తేలింది.

సామాన్య కృప అనే మాట వేదాంత కళాశాలలో మేము నేర్చుకున్నాం. ఎండా వానా ఇది ఎవరి పొలమని చూడవు. దేవుడు కొందరి చేతుల ద్వారా అందరికీ మేలు చేస్తాడు, ఆ చేతులు ఆయన పేరు పలికినా పలకకపోయినా. సుబ్బారావు జీవితాన్ని మేము అలాగే చదువుతాం. అంతకుమించి ఆయన్ను మనవాడిగా చేసుకోవడం తగదు.

అలాగని ఆయన్ను పరిశుద్ధుణ్ణి చేయడమూ మాకు ఇష్టం లేదు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్య శేషగిరికి చెప్పి వెళ్లారు. అప్పటికి ఆమె గర్భవతి. కొడుకు పుట్టాడు. తొమ్మిది నెలలకే చర్మానికి సోకిన బ్యాక్టీరియా జబ్బుతో చనిపోయాడు. ఆ రోజుల్లో యాంటీబయాటిక్స్ లేవు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. మూడేళ్లు ఆరయ్యాయి, పదయ్యాయి, ఇరవై అయ్యాయి. ఆయన తిరిగి రాలేదు. లక్షలమంది బిడ్డలను కాపాడిన పని ఒకవైపు, ఒక ఇంట్లో ఖాళీగా ఉండిపోయిన చోటు మరోవైపు. ఈ రెంటినీ తక్కెడలో వేసి తూచడం మావల్ల కాదు. త్యాగం చేసింది ఆయన ఒక్కరేనని చెప్పే జీవితచరిత్రలు మాకు నచ్చవు. ఆమెను ఎవరూ అడగలేదు.

1948 ఆగస్టులో, ఆరియోమైసిన్ సంగతి లోకానికి తెలిసిన కొద్ది వారాలకే, పెర్ల్ రివర్‌లో రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయసు 53. మన దేశం శతజయంతి సందర్భంగా 1995లో తపాలా బిళ్ల వేసింది.

పెట్టెలో వీసా చీటీలు ఇప్పటికీ పడుతూనే ఉన్నాయి. వెళ్లేవారి పేరు కిందనే ఇక్కడ ఉండిపోయేవారి పేరు కూడా రాయమని ఈమధ్య చెబుతున్నాం.