ఫిజియోథెరపీ మార్గదర్శిని మేరీ మెక్‌మిలన్

పదవ తరగతి పరీక్షలు సమీపించునప్పుడు, విద్యార్థులు మున్ముందు ఏ వృత్తిని కోరుచున్నారో అడిగి తెలిసికొనుట మా వాడుక. వైద్యులము కావలెననియు, ఇంజనీర్లము కావలెననియు చెప్పువారే పెక్కుమంది. క్రిందటి యేడు ఒక బాలిక మాత్రము ఫిజియోథెరపీ చదువగోరుచున్నానని చెప్పెను. పక్షవాతముచే కాలుచేయి పడిపోయిన ఆమె తాతగారిచేత ఒక ఫిజియోథెరపిస్టు నెలల తరబడి వ్యాయామము చేయించి, మరల వాకిలి వరకు నడిపించెనట. ఆ చదువునకు ఇప్పటినుండి ఎట్లు సిద్ధపడవలెనని ఆ బాలిక మమ్మడిగెను. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లకు అది అందునా యని తండ్రి సందేహించెను. వారిరువురకును సమాధానముగా ఈ జీవితకథను వ్రాయుచున్నాము.

ఫిజియోథెరపీ యనగా వ్యాయామము, మర్దనము, వేడిమి, నీరు, విద్యుత్తు మున్నగు సాధనములచే అవయవములకు కోల్పోయిన చలనమును తిరిగి సమకూర్చు విద్య. నేడు దానికి కళాశాలలును, పట్టములును కలవు. మేరీ మెక్‌మిలన్ చదువుకొను కాలమున ఆమె జన్మదేశమైన అమెరికాలో అట్టి కళాశాల యొక్కటియు లేదు. ఆమె మాత్రము ఆ పనికి కావలసిన విద్యనంతటిని పెక్కేండ్లు శ్రమించి ముందుగనే సంపాదించుకొనెను.

ఆమె 1880లో మసాచుసెట్సు రాష్ట్రమున బోస్టను నగర సమీపముననున్న హైడ్‌పార్కులో జన్మించెను. బాల్యముననే తల్లిని కోల్పోయి, అయిదేండ్ల ప్రాయమున ఇంగ్లండులోని లివర్పూలు నగరమందలి బంధువులయింటికి చేరెను. అక్కడనే పెరిగి, వ్యాయామవిద్యను అభ్యసించి 1905లో పట్టము పొందెను. వ్యాయామము నేర్పుచు జీవించుటకు ఆ చదువు చాలియుండును. కాని ఆమె అంతటితో తృప్తిపడక లండనుకు పోయి శరీరనిర్మాణ శాస్త్రమును, నాడీశాస్త్రమును అభ్యసించెను. చర్మము క్రింద ఏ కండరమున్నదో, దానిని ఏ నాడి కదలించునో తెలియనివారు మర్దనము చేసినచో మేలునకు బదులు కీడు కలుగవచ్చును. అందుచేతనే ఈ విద్యకు ఆ శాస్త్రములు పునాదులు.

1911లో ఆమె లివర్పూలునకు మరలివచ్చి, ఎముకల శస్త్రచికిత్సలో ప్రసిద్ధుడైన రాబర్ట్ జోన్సు వద్ద పనిచేయనారంభించెను. శస్త్రవైద్యుడు వంకర ఎముకను సరిచేయగలడు; కాని ఆ కాలితో నడచుట రోగికి మరల నేర్పవలెను. ఆ పనిలోని ఓర్పును, నేర్పును ఆమె అక్కడ గడించెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. ఆ యుద్ధకాలముననే ఆమె అమెరికాకు తిరిగివచ్చి, మెయిన్ రాష్ట్రమందలి పోర్ట్‌లండు నగరమున పిల్లల ఆస్పత్రిలో చేరెను.

1917లో అమెరికా యుద్ధమున దిగెను. గాయపడిన సైనికులు వేలకొలది మరలివచ్చుచుండగా, వారి అవయవములను తిరిగి పనిలోనికి తెచ్చువారు కావలసివచ్చిరి. అందుకై ప్రభుత్వము పునర్నిర్మాణ సహాయకురాండ్రు అను పేర స్త్రీలను చేర్చుకొనెను. అట్టివారిలో మొదటి వరుసలోనిది మెక్‌మిలన్. 1918లో ఆమె వాషింగ్టను నగరమందలి వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో చేరెను. ఆ యేడే దేశమునకు మరియొక కొననున్న ఆరెగన్ రాష్ట్రములో, రీడ్ కళాశాలయందు సుమారు 200 మంది స్త్రీలకు శిక్షణ యిచ్చెను. తాను పెక్కేండ్లు నేర్చినదానిని కొలది నెలలలో వారికి నేర్పవలసి వచ్చెను. కొరత తెలిసిన పిదప చదువనారంభించియున్నచో ఆమెకు ఆ పని సాధ్యమయ్యెడిది కాదు.

యుద్ధము ముగిసిన తరువాత ఈ సహాయకురాండ్రు చెదరిపోవు సమయము వచ్చెను. వారిని ఒక్కటిగా నిలుపుటకు 1921లో ఒక సంఘము ఏర్పడగా మెక్‌మిలన్ దానికి మొదటి అధ్యక్షురాలయ్యెను. నేటి అమెరికా ఫిజియోథెరపిస్టుల సంఘము దానినుండి పెరిగినదే. ఆ యేడే మర్దనమును, చికిత్సా వ్యాయామములను గూర్చి ఆమె వ్రాసిన పాఠ్యగ్రంథము వెలువడెను.

1932లో ఆమె చైనాకు పోయి పెకింగు యూనియన్ వైద్యకళాశాలలో ఈ విద్యను నేర్పెను. 1941 డిసెంబరులో జపాను యుద్ధము ప్రారంభించునప్పటికి ఆమె మనీలాలో నుండెను. శత్రుదేశపు పౌరురాలగుటచే నిర్బంధ శిబిరమున ఉంచబడి, 1943లో విడుదలయై స్వదేశము చేరెను. 1959లో కాలధర్మము నొందెను. ఆమె పేర ఒక ఉపన్యాసమును ఆ సంఘమువారు నేటికిని గౌరవముతో నిర్వహించుచున్నారు.

ఇక మా విద్యార్థిని ప్రశ్నకు వత్తుము. మన దేశమున పండ్రెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివినవారు ఫిజియోథెరపీ పట్టమునకు దరఖాస్తు చేసికొందురు. ప్రవేశనియమములు మారుచుండును గనుక ఒక యేడు ముందే విచారించుట మంచిది. అమెరికాలోనైతే మొదట ఒక పట్టము ముగించి, శరీరశాస్త్రము, భౌతికశాస్త్రము మున్నగువానిలో మంచి ఫలితములు చూపవలెను. చికిత్స జరుగుచోట నిలిచి పరిశీలించిన గంటలను సైతము అనేక కళాశాలలు కోరును. ఈ రెండుచోట్లను పునాది యొక్కటే. మోచేయి యొక తులాదండమని తెలిసినవారికి భౌతికశాస్త్రము ఇందులకేల యను సందేహము కలుగదు. ఆస్పత్రివారి అనుమతితో ఒకటి రెండు దినములు చికిత్సను చూచినచో ఈ పని తనకు తగినదో కాదో విద్యార్థికే తెలియును.

తండ్రిగారి సందేహమునకు మా సమాధానమిది. ఎముకల పేర్లు, కండరముల పేర్లు చాలవరకు లాటిను, గ్రీకు భాషలనుండి వచ్చినవి. అవి ఆంగ్ల మాధ్యమమున చదివిన పిల్లలకును క్రొత్తవే. ఆంగ్లమును శ్రద్ధతో నేర్వవలెననుట నిజము. అందుకు ఇప్పటినుండి దినమునకు కొన్ని మాటలు చాలును. అంతేగాక, ఈ చికిత్స సగము మాటలతో జరుగును. కాలెత్తుమనియు, భయపడవద్దనియు రోగికి అతని భాషలో చెప్పవలెను. ఇంట తెలుగును, వీధిలో ఈ రాష్ట్రభాషను పలుకు మన పిల్లలు ఆ పనికి సగము సిద్ధపడియే యున్నారు.

ఆ బాలిక యిప్పుడు పదునొకండవ తరగతిలో జీవశాస్త్రము చదువుచున్నది. ఎముకల పేర్లు వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకమును తండ్రియే కొనియిచ్చెనని మొన్న మాకు చెప్పెను.