డాక్టరు బెల్లును వీధిబడియు

పిల్లలు నిండిన బడిలో ఒక్క యుపాధ్యాయుడు క్రమమును నిలుపుట యెట్లు? బెత్తమే దీనికి మార్గమని నమ్మినవారు అన్ని దేశములందును గలరు. కాని బెత్తము బాలుని నోటిని మూయించునే గాని, వాని మనస్సును పాఠముపై నిలుపజాలదు. ఈ సత్యమును గ్రహించి, దానికి దగిన సాధనమును మన దేశపు వీధిబడిలో గాంచి, సముద్రముల దాటించిన యొక స్కాట్లండు దేశీయుని చరిత్రమును నేడు మా పాఠకులకు నివేదింపదలచితిమి. ఆయన పేరు ఆండ్రూ బెల్లు.

బెల్లు 1753లో స్కాట్లండునందలి సెయింటు ఆండ్రూసు పట్టణమున జన్మించెను. తండ్రి మంగలివృత్తివాడు. బెల్లు ఆ పట్టణపు విశ్వవిద్యాలయమున జదివి, 1774లో అమెరికాలోని వర్జీనియాకు బోయి, అచట బిడ్డలకు జదువు చెప్పెను. 1781లో స్వదేశమునకు మరలివచ్చి, తరువాత మతాచార్యుడై, 1787లో చెన్నపట్టణము చేరెను. సైనిక దళముల మతాచార్య పదవులు పెక్కింటిని సంపాదించి ధనమును గూడబెట్టిన లౌకికజ్ఞుడే యాతడు. అయినను ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు 1789లో పర్యవేక్షకుడైనప్పుడు, ఆ పనికి మాత్రము జీతమును స్వీకరింపలేదు.

ఆశ్రమములోని బాలురలో పెక్కుమంది ఐరోపా సైనికులకును ఈ దేశపు స్త్రీలకును గలిగిన బిడ్డలు. వారి యెడల లోకమునకు ఆశయు లేదు, ఆదరమును లేదు. ఉపాధ్యాయులు పాత త్రోవను విడువరు. పిల్లలకు అక్షరములు వచ్చుటయే గగనమై యుండెను. ఇట్లుండ నొకనాడు బెల్లు స్వారి వెడలి, దారిలో నొక వీధిబడిని జూచెను. పిల్లలు నేలపై గూర్చుండి, ఇసుక పరచుకొని, వ్రేళ్లతో అక్షరములు దిద్దుచుండిరి. కాగితము లేదు, కలము లేదు, ఖర్చు లేదు, ఊరక కూర్చున్న పిల్లవాడును లేడు. ఆ పద్ధతిని తన ఆశ్రమమున బెట్టుమని ఆయన ఉపాధ్యాయుల నాజ్ఞాపింపగా, అది పొసగదని వారు తేల్చి చెప్పిరి. అప్పుడు బెల్లు ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్ అను బాలుని బిలిచి, అక్షరముల తరగతిని వానికి అప్పగించెను. పెద్దలు కాదన్న పని బాలుడు చేసి చూపెను.

అంతట బెల్లు ఆశ్రమమునంతటిని ఆ త్రోవనే నడిపెను. తెలివి ననుసరించి బాలురను తరగతులుగా విభజించెను. ఒక్కొక్క తరగతిలో నేర్పువాడును నేర్చువాడును జంటగా గూర్చుందురు. వారిపై సహాయకుడు, అతనిపై తరగతిని నడుపు బాలుడు. పాఠము చిన్నది, అది పూర్తిగ వచ్చినగాని ముందునకు సాగరాదు. తప్పును దిద్దినవాడు పైస్థానమునకు బోవును; తప్పినవాడు క్రిందికి దిగును. దోషములను వ్రాయుటకొక నల్లని పుస్తకము గలదు. దానిని వారమున కొకమారు అందరియెదుట జదివి, తోడి బాలురే న్యాయనిర్ణయము చేయుదురు. శిక్షలు తగ్గెను, చదువు హెచ్చెను. కారణమేమన, అల్లరికి దీరిక యున్నవాడు ఆ బడిలో నెవడును లేకుండెను. తన క్రిందివానికి నేర్పవలసిన బాలుడు తాను ముందుగా నేర్వక తీరదు గదా!

ఈ యేర్పాటు మన తెలుగువారికి క్రొత్త గాదు. తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున రచించిన కాంబెల్ దొర బళ్లారి జిల్లా కలెక్టరుగా నుండి, 1823లో ఆ జిల్లా విద్యాస్థితిని గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును గలరని అందు లెక్క చూపెను. పై తరగతి బాలురు క్రిందివారికి నేర్పు ఆచారమును మెచ్చుకొని, ఇంగ్లండు అనుకరించినది దీనినే యని వ్రాసెను. బడికి మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు దెబ్బలు పడుననియు అందే గలదు. సోమరులను చేతులు గట్టి ఇంటికప్పునుండి వ్రేలాడదీయుటయు నందున్నది. మన పెద్దలు కోదండమనునది యిదియే. కావున మన వీధిబడులన్నియు దయకు నిలయములని మేము చెప్పము. వానిలో మంచియు చెడ్డయు గలవు. బెల్లు మంచిని బట్టుకొనెను.

ఆరోగ్యము చెడి ఆయన 1796లో ఈ దేశమును విడిచి, మరుసటి యేట తన ప్రయోగమును గూర్చి యొక పుస్తకమును బ్రకటించెను. 1798లో జోసెఫ్ లాంకాస్టరు అను యువకుడు లండనులో అట్టి బడినే తెరచెను. ఒక్క ఉపాధ్యాయుడు వేయిమందికి జదువు చెప్పగలడని అతడు చాటెను. అతడు బెత్తమును మానిపించెనే గాని, తప్పుచేసిన బాలురను బుట్టలలో బెట్టి పైకప్పునకు వ్రేలాడగట్టించెను. కోదండమే వేషము మార్చి యచటను వెలసినది! ఇరువురిలో ఈ పద్ధతికి మూలపురుషు డెవరని మతపక్షములు చాలకాలము కలహించెను. ఆ కలహమున వీధిబడి పంతులు పేరు స్మరించినవారు అరుదు.

1811లో స్థాపితమైన నేషనల్ సొసైటీ ద్వారా బెల్లు పద్ధతి ఇంగ్లండున వేలకొలది బడులకు వ్యాపించెను. కాని వ్యాప్తియే దానికి చేటు తెచ్చినది. చౌకయే ప్రధానమయ్యెను, నేర్పు బాలుడు అర్థ మెరుగని మాటలనే నేర్చువానిచే వల్లింపజేసెను. బీదల బిడ్డలకు వ్రాతయు లెక్కలును అందరికి నేర్పనక్కరలేదని బెల్లే యొకప్పుడు వ్రాసెను; అది ఆయన కీర్తికి దీరని మచ్చ. 1846లో ఇంగ్లండు ప్రభుత్వము ఉపాధ్యాయుని యొద్ద శిక్షణము పొందు, వేతనము గల శిష్యోపాధ్యాయుల నేర్పరచెను. పాత పద్ధతి క్రమముగ నంతరించెను. బెల్లు మాత్రము 1832లోనే మృతినొంది, వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేయబడెను. తాను గూడబెట్టిన ధనమున లక్షకు మించిన పౌనులను విద్యకే యిచ్చెను. ఆ ధనముతో ఆయన జన్మస్థలమున వెలసిన పాఠశాలకు నేటికిని మద్రాసు కాలేజి యనియే పేరు.

ఈ చరిత్రమువలన మనకు దేలునవి రెండు. పని గల పిల్లవాడు అల్లరి చేయడు. బాధ్యత నప్పగించిన పిల్లవాడు తానే క్రమమును గాపాడును. ఇది మొదటిది. ఉపాధ్యాయునికి చేదోడుగా నుండవలసిన బాలుని ఉపాధ్యాయునికి మారుగా నిలిపినచో ఆ క్రమము యంత్రమగును. ఇది రెండవది. 2009 నాటి విద్యాహక్కు చట్టము మన దేశమున బాలుర దేహశిక్షను నిషేధించెను. ప్రాథమిక పాఠశాలలలో ముప్పదిమందికి ఒక యుపాధ్యాయుడుండవలెనని విధించెను. అయినను ఒక్క పంతులే అన్ని తరగతులను నడుపు బడులు పల్లెలలో నేటికిని గలవు. చట్టము బెత్తమును తీసికొన్నది. దానికి బదులుగా ఉపాధ్యాయుని చేతికి ఏమి యిచ్చితిమి? పెద్ద పిల్లవానిని చిన్నవాని ప్రక్కన గూర్చుండబెట్టు నేర్పును పంతులుగారికి గరపుట యొక పని. ఆ నేర్పును సాకుగా జేసికొని పంతుళ్ల సంఖ్యను తగ్గింపకుండుట మరియొక పని. మొదటిది ఉపాధ్యాయుల ధర్మము. రెండవదానికి కాపు గాయవలసినవారు ఊరి పెద్దలును, పట్టణ పౌరులునని మా యభిప్రాయము.